కారుకు అలారం పెట్టించాలి, ఏది చూసి తీసుకోవాలి?

ప్రశ్న (నల్గొండ):
అన్నలూ, నాది 2011 మోడల్ పెట్రోల్ కారు, సెంట్రల్ లాకింగ్ లేదు. ఇంటి దగ్గర జాగా లేక రాత్రంతా గల్లీలోనే పెడుతున్నా. పోయిన నెల మా పక్క గల్లీలో ఒకరి కారు అద్దం పగలగొట్టి మ్యూజిక్ సిస్టమ్ ఎత్తుకెళ్లారు, అప్పటి నుంచి కుక్క మొరిగినా లేచి చూస్తున్నా, ఒకటే టెన్షన్. క్లాక్ టవర్ దగ్గర షాపులో అలారం, సెంట్రల్ లాకింగ్ కలిపి వేస్తామంటున్నారు కానీ వైర్లు కట్ చేయాలట. ఇక్కడే వేయించాలా, హైదరాబాద్ పోవాలా?

మిర్యాలగూడ నుంచి:
తమ్ముడూ, ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్‌లో చూడు. తాళం గుర్తు లైటు వెలిగి ఆరిపోతే కంపెనీ ఇమ్మొబిలైజర్ ఉన్నట్టే, చిప్ లేని డూప్లికేట్ తాళంతో ఇంజన్ స్టార్ట్ కాదు. అది ఉంటే మామూలు సైరన్ అలారం చాలు. లేకపోతే మాత్రం ఉత్త మోతకు డబ్బులు పెట్టకు, ఇంజన్ కట్ (దొంగ తిప్పినా ఇంజన్ నడవకుండా కరెంటు ఆపేసేది) ఉన్నదే తీసుకో. ఆ కట్ కూడా స్టార్టర్ వైరుకే పెట్టించు, పెట్రోల్ పంపుకు వద్దు. పంపుకు పెట్టిన రిలే (కరెంటు ఆపే స్విచ్) చెడిపోతే నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద లారీల మధ్య పోతుండగానే ఇంజన్ ఆగిపోతుంది, ప్రాణానికే ముప్పు. స్టార్టర్‌ది చెడిపోతే ఆగి ఉన్న బండి స్టార్ట్ కాదు, అంతవరకే.

జడ్చర్ల నుంచి:
నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. హైదరాబాద్ పోవాల్సిన పనిలేదు, వైరింగ్ చేసే చెయ్యి మంచిదైతే చాలు, పక్కన నిలబడి చూడండి. వైర్లు మెలేసి టేపు చుట్టి వదిలేస్తే మన ఎండలకు జిగురు కరిగి టేపు ఊడిపోతుంది, అట్లాంటి జాయింట్ల వల్ల షార్ట్ అయిన బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. సోల్డర్ చేసి (సీసంతో అతికించి) పైన స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) వేయమనండి, బ్యాటరీ నుంచి తీసే లైనుకు ఫ్యూజు తప్పనిసరి. సైరన్ మూతి కిందికి ఉండాలి, లేకపోతే నీళ్లు పడతాయి. బానెట్‌కు స్విచ్ అడగండి, చాలామంది వేయరు. అది లేకపోతే దొంగ చప్పుడు కాకుండా బానెట్ లేపి బ్యాటరీ వైరు పీకేస్తాడు. లోపల సొంత బ్యాటరీ ఉన్న సైరన్ దొరికితే అదే తీసుకోండి, వైరు పీకినా మోగుతుంది. ఇక షాక్ సెన్సర్ (బండికి తగిలే దెబ్బను, అదురును పసిగట్టేది) ఎక్కువ మీద పెట్టించుకోవద్దు, ఇసుక ట్రాక్టర్ పోయినా మోగుతుంటే పక్కింటివాళ్లు పట్టించుకోవడం మానేస్తారు, చివరికి మీరే ఆఫ్ చేస్తారు. అద్దం పక్కన పిడికిలితో గట్టిగా కొడితేనే మోగేటట్టు సెట్ చేయించండి.

మహబూబ్‌నగర్ నుంచి:
ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకో అన్నా. ఏఆర్ఏఐ (బండ్లను, వాటి పరికరాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న పరికరమైతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండి నష్టానికి కట్టే భాగంలో) 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల వరకు తగ్గింపు అడగొచ్చు. బిల్లు, సర్టిఫికెట్ దాచుకో. రెండో తాళం మాత్రం కారులో పెట్టకు, బండి పోతే క్లెయిముకు రెండు తాళాలూ అడుగుతారు.

నల్గొండ:
చూశా అన్నా, తాళం గుర్తు వెలగడం లేదు, అంటే ఇంజన్ కట్ కావాల్సిందే. బానెట్ స్విచ్ గురించి షాపతను అసలు చెప్పనే లేదు. రేపు పోయి స్టార్టర్ కట్, ఫ్యూజు, బానెట్ స్విచ్ మూడూ వేస్తేనే వేయించుకుంటానని చెప్తా.