నెట్ సెంటర్‌లో గేముల కోసం విండోస్ తీసేసి లినక్స్ వెయ్యొచ్చా? వాడినవాళ్లు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో నాదొక చిన్న నెట్ సెంటర్, 14 ఏళ్లుగా నడుపుతున్నాను. మొత్తం 7 సిస్టమ్‌లు. పగలంతా అప్లికేషన్లు నింపడం, ప్రింట్లు, జెరాక్స్, పెళ్లి కార్డులు (తెలుగువీ, ఒడియావీ). సాయంత్రం 5 దాటితే గేముల కోసం కుర్రాళ్లు వస్తారు, పాతపట్నం నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. గేములకి పెట్టిన ఆరు సిస్టమ్‌లూ ఒకేలాంటివి: ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది. 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదని తీసుకోవడం లేదు. ఏదో చేసి ఎక్కించొచ్చు అంటున్నారు గానీ, రోజుకి ఇరవై పెన్‌డ్రైవ్‌లు పెట్టే సిస్టమ్‌ల మీద అలాంటి పనులు చెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. పోనీ ఆరూ కొత్తవి కొందామా అంటే మళ్లీ అప్పు చెయ్యాలి.

బరంపురంలో చదువుతున్న మా మేనల్లుడు "మావయ్యా, లినక్స్ వేసెయ్, ఇప్పుడు గేములన్నీ అందులో ఆడుతున్నాయి" అంటున్నాడు. 2014లో నేనొకసారి ఉబుంటు (ఒక రకం లినక్స్) వేసి చూశాను. మా కుర్రాళ్లు అడిగిన గేమ్ ఒక్కటీ దొరకలేదు, నాలుగు రోజుల్లో తీసేశాను. అప్పట్నుంచి ప్రతి ఏడూ "లినక్స్‌కి గేములు వచ్చేస్తున్నాయి" అన్న మాట వింటూనే ఉన్నాను. ఈసారైనా నిజమేనా? మా దగ్గర ఆడేవి కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5, వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, ఇద్దరు మాత్రం విచర్ 3. అన్నిట్లోకీ వాలరెంట్‌కే గిరాకీ. కుర్రాళ్లు ఒకసారి వేరే చోటికి అలవాటు పడితే మళ్లీ రారు, నా టెన్షనంతా అదే.

నాగావళి_గట్టు (రాయగడ):

అన్నయ్య గారూ, మీ మేనల్లుడు చెప్పింది ముప్పాతిక వంతు నిజం. మిగతా పావు వంతు వాలరెంట్, దాని సంగతి చివర్లో చెప్తాను.

అప్పట్లో ఏ గేమైనా లినక్స్‌లో ఆడాలంటే దాన్ని తయారుచేసిన కంపెనీ లినక్స్ కోసం విడిగా చేసి ఇవ్వాల్సి వచ్చేది. వాల్వ్ కంపెనీ వాళ్ల గేముల దుకాణం స్టీమ్ 2013 ఫిబ్రవరిలోనే లినక్స్‌కి వచ్చింది, 2015లో స్టీమ్ మెషీన్ల పేరుతో లినక్స్ డబ్బాలు కూడా అమ్మారు, అయినా వాడేవాళ్లు లేరని కంపెనీలు గేములు చెయ్యలేదు, గేములు లేవని జనం వాడలేదు. ఆ ముడి విప్పింది 2018 ఆగస్టులో వాల్వ్ తెచ్చిన ప్రోటాన్. విండోస్ కోసం చేసిన గేమ్‌నే ఉన్నదున్నట్టుగా లినక్స్‌లో నడిపిస్తుంది, కంపెనీ వేరేగా ఏమీ చెయ్యక్కర్లేదు.

ఎలాగంటే, ఒడియా రాని పెద్దాయన తహసీల్ ఆఫీసుకి వెళ్తే పక్కన ఒకరు నిలబడి గుమస్తా అడిగింది తెలుగులో చెప్పి, ఈయన చెప్పింది ఒడియాలో అందిస్తారు కదా, ప్రోటాన్ చేసేది ఆ పనే. "ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు" అని గేమ్ విండోస్‌ని అడిగే మాటలకి లినక్స్ తరఫున ప్రోటాన్ లోపలున్న వైన్ జవాబిస్తుంది (వైన్ 1993లో మొదలైన ప్రాజెక్టు, దాని వెనక ఎంతమంది ఎన్నేళ్లు కూర్చున్నారో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది). బొమ్మ గీయడానికి గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌లో (విండోస్ గ్రాఫిక్స్ భాష) చెప్పే మాటల్ని డీఎక్స్‌వీకే వల్కన్‌లోకి (లినక్స్‌లో నడిచే గ్రాఫిక్స్ భాష) మారుస్తుంది, డైరెక్ట్‌ఎక్స్ 12 అయితే ఆ పని వీకేడీ3డీది. గేమ్ అసలు కోడ్ నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది కాబట్టి వేగం పెద్దగా తగ్గదు.

2022లో వాల్వ్ వాళ్లదే, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వచ్చాక పరిస్థితి ఇంకా మారింది. అది లోపల పూర్తిగా లినక్సే, కొన్నవాళ్ల చేతిలో గేమ్ ఆడకపోతే కంపెనీకే నష్టం. 2025 అక్టోబరు స్టీమ్ సర్వేలో లినక్స్ వాడేవాళ్లు మొదటిసారి 3 శాతం దాటారు. అంకె చిన్నదే, కానీ నవంబరులో వాల్వ్ కొత్త స్టీమ్ మెషీన్ ప్రకటించిందంటే ఈసారి మధ్యలో వదిలేసే ఉద్దేశం లేదని నా నమ్మకం.

ఇక మీ సిస్టమ్‌ల సంగతి. లినక్స్ మింట్ వెయ్యండి. మీ కార్డు కంపెనీ ఎన్విడియా ఇచ్చే డ్రైవర్లలో (కార్డుని నడిపే ప్రోగ్రాములు) 580 వరసే 1050 టీఐకి ఆఖరిది, ఎప్పటికప్పుడు కొత్త డ్రైవర్ లాక్కునే ఆర్చ్ లాంటి లినక్స్‌ల జోలికి వెళ్లకండి. ఆ కార్డుల మీద ప్రోటాన్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 బాగా నెమ్మదిస్తుంది, విచర్ 3ని డైరెక్ట్‌ఎక్స్ 11లో పెట్టండి, జీటీఏ 5 పాత లెగసీ వెర్షనే ఉంచండి. కౌంటర్ స్ట్రైక్ 2కి ప్రోటాన్ కూడా అక్కర్లేదు, లినక్స్‌కి సొంతంగానే ఉంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ కూడా అంతే. జీటీఏ కథ ఆడొచ్చు, ఆన్‌లైన్ కుదరదు: 2024 సెప్టెంబరులో దానికి బ్యాటిల్‌ఐ అనే, మోసాలు పట్టే ప్రోగ్రామ్ పెట్టారు, లినక్స్‌కి అనుమతి ఇవ్వలేదు. ఏ గేమ్ ఎలా ఆడుతోందో ముందే చూసుకోవాలంటే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైట్‌లో ఆడినవాళ్లు రాసిపెట్టి ఉంటారు.

వాలరెంట్ మాత్రం ఆడదు.

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ):

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, అన్నా. నెట్ సెంటర్ లేదు గానీ ఇంట్లో ఏడాదిన్నరగా లినక్స్ మీదే ఆడుతున్నాను. పైన తమ్ముడు చెప్పనివి రెండు చెప్తాను, రెండూ నేను దెబ్బతిని నేర్చుకున్నవే.

మొదటిది డిస్క్. మా దిక్కు ఇంటర్నెట్ ఫోన్ హాట్‌స్పాట్ మీదనే, 80 జీబీ గేమ్ దించాలంటే నెల పడుతుంది. అందుకే విండోస్‌లో ఉన్నప్పుడే చంద్రాపూర్‌లో మా అన్న రూమ్‌కి డిస్క్ తీసుకుపోయి, రెండు రాత్రులు కూర్చుని గేములన్నీ నింపుకొచ్చాను. లినక్స్ వేసినంక అదే డిస్క్‌ని స్టీమ్‌కి చూపించాను. గేములన్నీ కనబడ్డాయి, ప్లే నొక్కితే బటన్ ఒక్క క్షణం "ఆపు" అని మారి మళ్లీ "ప్లే" అవుతుంది, ఎర్రర్ లేదు, ఏమీ లేదు. వారం రోజులు తల పట్టుకున్నాను. తీరా చూస్తే ఆ డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంది. ప్రోటాన్ ఒక్కో గేమ్‌కి ఒక ఫోల్డర్ తయారుచేసుకుంటుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద అది సరిగ్గా కుదరదు. గేములన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, దీన్ని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ కొట్టి తిరిగి వేసిన, ఆ రాత్రే ఆడాయి. మీరు కూడా మీ గేములున్న డిస్క్‌లని అలాగే తగిలించకండి.

రెండోది డేటా. స్టీమ్ లినక్స్‌లో షేడర్లని (బొమ్మ గీయడానికి గేమ్ వాడే చిన్న ప్రోగ్రాములు) ముందే దించుతూ ఉంటుంది, గేమ్ అప్‌డేట్ కాకపోయినా రోజూ ఏదో దిగుతూనే ఉందేంటని ఆశ్చర్యపోతారు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసుకోవచ్చు. ఆపితే గేమ్‌లో కొత్త చోటికి వెళ్లినప్పుడు మొదటిసారి కాస్త తడబడుతుంది, తర్వాత సర్దుకుంటుంది.

గుణుపురం_కుర్రోడు:

అంకుల్, నేను వాలరెంట్ ఆడేవాణ్ణే, అందుకే సూటిగా చెప్తున్నాను. మీరు ఆరు సిస్టమ్‌లూ లినక్స్ చేసేస్తే మాలాంటివాళ్లు రారు. మాకు ఆటకన్నా ముందు జట్టు, ఐదుగురం కలిసి పక్కపక్కన కూర్చోవడం. "దాని బదులు ఇంకోటి ఆడుకోండి" అంటే మేం వినం.

అయితే ఇది లినక్స్ చేతకానితనం కాదు, అది అందరూ తెలుసుకోవాలి. వాలరెంట్‌లో వాన్‌గార్డ్ అనే, మోసాలు పట్టే కాపలా ప్రోగ్రామ్ విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, సిస్టమ్ ఆన్ అయినప్పట్నుంచే కూర్చుంటుంది, దానికి లినక్స్ వెర్షన్ చెయ్యలేదు. అలాంటి కాపలా ప్రోగ్రాములే అయిన ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి దారి ఇచ్చాయి, కానీ గేమ్ కంపెనీ ఒప్పుకుంటేనే. ఎపెక్స్ లెజెండ్స్ కొన్నేళ్లు ఒప్పుకుని, చీటింగ్ ఎక్కువైందని 2024 అక్టోబరు ఆఖరున లినక్స్‌ని ఆపేసింది. అంటే ఈరోజు ఆడే ఆన్‌లైన్ గేమ్ రేపు ఆడుతుందన్న గ్యారంటీ లేదు. ఒంటరిగా ఆడే గేములకి ఆ భయం లేదు.

నా మాట వింటే ఐదు లినక్స్ చెయ్యండి, ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ ప్రాసెసర్ ఉన్నవి సెకండ్ హ్యాండ్‌లో రెండు కొనండి, విండోస్ 11 వాటిలోనే. ఆరూ కొనే ఖర్చులో మూడో వంతులో అయిపోతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి, పెళ్లిళ్ల సీజన్.

మొదట మూడో నంబర్ సిస్టమ్ ఒక్కదాంట్లో మింట్ వేశాను. విచర్ తెరిస్తే గుర్రం ఆగి ఆగి కదులుతోంది, ఒక్కో అడుగుకి ఒక్కో ఫోటో చూపించినట్టు. ఇక ఇది మన వల్ల కాదని కట్టేశాను. రాత్రి మేనల్లుడు ఫోన్‌లో "మావయ్యా, డ్రైవర్ మేనేజర్ తెరిచావా?" అన్నాడు. తెరవలేదు. కార్డుకి ఎన్విడియా డ్రైవరే ఎక్కలేదు. 580 ఎంచుకుని, రీస్టార్ట్ చేసి, డైరెక్ట్‌ఎక్స్ 11లో పెట్టాక అదే గుర్రం సాఫీగా పరిగెత్తింది. ఇప్పుడు నాలుగు సిస్టమ్‌లు లినక్స్. కౌంటర్ స్ట్రైక్ వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. కరెంటు రెండుసార్లు పోయినా సిస్టమ్‌లు మామూలుగానే లేచాయి.

పెళ్లి కార్డుల సిస్టమ్ ముట్టుకోలేదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ (కార్డులు కూర్చే ప్రోగ్రామ్) ఉన్నంతకాలం అది విండోసే, దానికి నెట్ పీకేశాను. వాలరెంట్ కోసం ఒక సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొన్నాను, రెండోది ఈ సీజన్ డబ్బులు చేతికొచ్చాక. ఐదుగురి జట్టు మాత్రం పాతపట్నంలో ఇంకో సెంటర్‌కి వెళ్లిపోయింది. గుణుపురం బాబు చెప్పింది నిజమే, బాధగానే ఉంది.

ఒక్క సందేహం. ఒక సిస్టమ్‌లో దించిన గేమ్‌ని మిగతావి స్టీమ్‌లోనే లోకల్ నెట్‌వర్క్ నుంచి కాపీ చేసుకుంటున్నాయి, ఇది నాకు చాలా నచ్చింది. కానీ సిస్టమ్‌లన్నిటినీ కలిపే నా స్విచ్ పాతది, 100 ఎంబీపీఎస్. పది రెట్లు వేగమున్న గిగాబిట్‌ది కొనాలా?

నాగావళి_గట్టు (రాయగడ):

కొనండి అన్నయ్య గారూ. మీ స్విచ్‌తో సెకనుకి 12 ఎంబీ మించదు, 100 జీబీ గేమ్‌కి రెండు గంటల పైనే పడుతుంది, అదీ ఒక్క సిస్టమ్‌కి. కేబుళ్లు కూడా చూసుకోండి, పాతవాటిలో నాలుగు వైర్లే కలిపి ఉంటే గిగాబిట్ రాదు, ఎనిమిదీ ఉండాలి. స్విచ్ వచ్చేదాకా రాత్రి షట్టర్ దించేముందు కాపీ పెట్టి వెళ్లండి.