వైజాగ్ ఉక్కలో మొదటి ఓవర్‌క్లాక్: 5600ఎక్స్‌తో ఎక్కడ మొదలుపెట్టాలి?

మధురవాడ_రిగ్
నా పీసీలో ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, నాలుగు హీట్ పైపుల సింగిల్ టవర్ కూలర్, 650 వాట్ల పవర్ సప్లై. గదిలో ఏసీ లేదు. ఓవర్‌క్లాక్, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం, చేద్దామంటే మల్టిప్లయర్ 46 (బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌కి 46 రెట్లు, అంటే 4.6 గిగాహెర్ట్జ్), వోల్టేజ్ 1.3 పెట్టి వదిలెయ్యమంటున్నారు. అంతేనా, ముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

గాజువాక_సిలికాన్
అలా వద్దండి. ఒకటి రెండు కోర్ల మీదే పని పడినప్పుడు ఈ చిప్ తనంతట తానే 4.6 గిగాహెర్ట్జ్‌కి వెళ్తుంది. మీరు 46 దగ్గర బిగించేస్తే ఆటల్లో కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు, వేడి మాత్రం పెరుగుతుంది. దీనికి సరైన దారి పీబీవో (చిప్ తనంతట తాను వేగం పెంచుకునే హద్దుల్ని సడలించే ఏఎండీ సెట్టింగు), దానితోపాటు కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో కోర్‌కి అందే వోల్టేజ్‌ని సర్దేది).

ముందు బయోస్ (పీసీని లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) కొత్త వెర్షన్‌కి మార్చండి. ర్యామ్‌ని ఎక్కువ వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీ ఆపెయ్యండి. లేకపోతే తప్పు ర్యామ్‌దో ప్రాసెసర్‌దో తేలక తల పట్టుకుంటారు. ఏ సెట్టింగూ ముట్టుకోకుండా సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష ప్రోగ్రాం పది నిమిషాలు నడిపి, సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64లో ఉష్ణోగ్రత, పీపీటీ వాట్లు (ప్రాసెసర్ వాడే మొత్తం విద్యుత్), ఎస్‌వీఐ2 టీఎఫ్ఎన్ అని రాసుండే కోర్ వోల్టేజ్, చివర్లో స్కోరు రాసుకోండి. బోర్డు సెన్సర్ చూపించే వీకోర్ (అదీ కోర్ వోల్టేజే) కంటే ఎస్‌వీఐ2 అంకే నమ్మదగ్గది.

ఎంవీపీ_థర్మల్
గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. మన ఊళ్లో అన్నిటికంటే ముఖ్యం అదే. ఫ్యాన్‌తో నడిచే కూలర్ ప్రాసెసర్‌ని గది గాలికంటే చల్లబరచడం కుదరదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. జనవరి పొద్దున గది 25 ఉన్నప్పుడు టెస్టులో 80 వచ్చిందంటే తేడా 55. మేలో కిటికీలు మూసిన గది 35కి చేరితే అదే సెట్టింగు 90 చూపిస్తుంది. 5600ఎక్స్ హద్దు 95. కాబట్టి చలికాలంలో ట్యూన్ చేసేవాళ్లు 75 దాటకుండా ఆపుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం చేసేవాళ్లకి 85 వరకు పర్వాలేదు.

ఏసీ గదుల వాళ్లకి ఇంకో మాట. పీసీ ఆపేసి, ఏసీ కూడా ఆపి వెంటనే కిటికీ తీస్తే, సముద్రపు తేమ గాలి చల్లటి ఇనుము మీద చెమ్మగా దిగుతుంది. అరగంట ఆగి ఆన్ చెయ్యండి.

గాజువాక_సిలికాన్
ఇక అసలు పని. బయోస్‌లో పీబీవోని అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. కంపెనీ పెట్టిన హద్దులు పీపీటీ 76 వాట్లు, టీడీసీ (ఎక్కువసేపు లాగగలిగే కరెంటు) 60 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం లాగగలిగే కరెంటు) 90 ఆంపియర్లు. మొదట వీటిని కదపొద్దు. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ నెగెటివ్ 10 ఇవ్వండి. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. తక్కువ వోల్టేజ్‌తో అవే 76 వాట్లలో ఎక్కువ క్లాక్ వస్తుంది. ఒక్క డిగ్రీ పెరగకుండానే స్కోరు పెరగడం మీరే చూస్తారు.

అది నిలబడ్డాక 15, ఆ తర్వాత 20. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ ప్రోగ్రాంలో గుర్తు పెట్టిన మేలైన కోర్లు ఎక్కువ నెగెటివ్‌కి సాధారణంగా తట్టుకోవు, ఎందుకంటే వాటికి ఫ్యాక్టరీలోనే వోల్టేజ్ తక్కువ ఇచ్చి ఉంటారు. వాటిని 5 లేదా 10 దగ్గర ఆపి మిగతావి పెంచండి. వేడికి ఇంకా జాగా ఉంటేనే పీపీటీ 95 వరకు. బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ వేగాన్ని పైకి జరిపేది) అన్నిటికంటే చివర్న, 50 మెగాహెర్ట్జ్ చొప్పున. దాని గరిష్ఠం 200.

మధురవాడ_రిగ్
అన్నిటికీ నెగెటివ్ 20 ఇచ్చాను. సినీబెంచ్ అరగంట శుభ్రంగా నడిచింది. కానీ బ్రౌజర్ తెరిచి వదిలేస్తే దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. పవర్ సప్లై చాలట్లేదా?

గాజువాక_సిలికాన్
పవర్ సప్లై కాదండీ, కర్వ్‌లో నెగెటివ్ ఎక్కువైంది. సినీబెంచ్‌లో కోర్లన్నీ కలిసి తక్కువ క్లాక్‌లో నడుస్తాయి. బ్రౌజర్‌లో ఒక్క కోర్ ఒక్కసారిగా 4.6కి ఎగురుతుంది, ఆ క్షణంలో వోల్టేజ్ సరిపోదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీహా లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల్ని నమోదు చేసేది) ఐడీ 18 వెతకండి. అందులో ప్రాసెసర్ ఏపిక్ ఐడీ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని రెండుతో భాగించి శేషం వదిలెయ్యండి. 6 అయినా 7 అయినా కోర్ 3 అన్నమాట. ఆ ఒక్క కోర్‌నే 5 అంకెలు వెనక్కి తెండి. తర్వాత కోర్‌సైక్లర్ రాత్రంతా నడపండి, అది ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షిస్తుంది.

సీతమ్మధార_జెడ్690
ఇంటెల్ వాళ్ల కోసం. పేరు చివర కే ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ ఉండాలి. బీ660, బీ760లో మామూలుగా ర్యామ్ ఓవర్‌క్లాకే అవుతుంది, మల్టిప్లయర్ పెరగదు. బేస్ క్లాక్ 100 అలాగే ఉంచి మల్టిప్లయర్ ఒక్కొక్కటే పెంచండి. ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రాంలో ఒక వర్కర్ (పని పంచుకున్న భాగాల్లో ఒకటి) మధ్యలో ఆగిపోయినా, నీలం తెర మీద క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ వచ్చినా ముందుగా అనుమానించాల్సింది కోర్ వోల్టేజ్‌నే. 10 మిల్లీవోల్టులు పెంచి మళ్లీ నడపండి.

అలా ఎంత దూరం వెళ్లాలన్నది లెక్కే చెబుతుంది. ఖర్చయ్యే కరెంటు (వాట్లు) క్లాక్‌తో నేరుగానూ, వోల్టేజ్‌కి వర్గంగానూ పెరుగుతుంది. 4.7 గిగాహెర్ట్జ్ 1.20 వోల్టుల నుంచి 4.9 గిగాహెర్ట్జ్ 1.30కి వెళ్తే వేగం 4 శాతం, కరెంటు 22 శాతం. మన వేడికి ఈ బేరం గిట్టదు.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పడినప్పుడు వోల్టేజ్ పడిపోకుండా చూసే సెట్టింగు) మధ్యలో ఉంచండి. ఆసుస్‌లో అంకె పెరిగేకొద్దీ గట్టిపడుతుంది, ఎంఎస్ఐలో మోడ్ 1 అన్నిటికంటే గట్టిది. ఒకదాని వీడియో చూసి ఇంకోదానిలో పెట్టొద్దు. 13, 14 తరాల ఐ5, ఐ7, ఐ9 కే చిప్‌లైతే 2024లో వచ్చిన 0x12బీ మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) లేదా అంతకంటే కొత్తది ఉన్న బయోస్ వేశాకే దేన్నైనా ముట్టుకోండి. చిప్ ఎక్కువ వోల్టేజ్ అడిగి పాడైపోయే సమస్య రాకుండా అది కాపాడుతుంది.

లాసన్స్‌బే_యూపీఎస్
బయోస్ అప్‌డేట్ యూపీఎస్ మీదే చెయ్యండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. మామూలు 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి అంతకంటే లాగుతుంటే, కరెంటు పోగానే అదీ పోతుంది.

బీచ్‌కి దగ్గర్లో ఉన్నవాళ్లు నెలకోసారి కూలర్ రెక్కల మీద టార్చి వేసి చూడాలి. ఉప్పు, తేమ, దుమ్ము కలిసి జిగురుగా పట్టేస్తాయి, ఊదితే పోదు. ఫ్యాన్ విప్పి మెత్తటి బ్రష్‌తో దులపాలి. అదే సెట్టింగుతో, అదే గది వేడిలో 4, 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే వోల్టేజ్ జోలికి వెళ్లేముందు ఇది చూడండి.

మధురవాడ_రిగ్
ఐడీ 18లో ఏపిక్ 4 ఉంది, అంటే కోర్ 2. దాన్ని 15కి తెచ్చాను. ఒకవేళ సెట్టింగ్ తప్పి అసలు డిస్‌ప్లేనే రాకపోతే?

ఎంవీపీ_థర్మల్
రెండు మూడు సార్లు ఆన్ ఆఫ్ అయి, చాలా బోర్డులు వాటంతటవే డిఫాల్ట్‌కి వస్తాయి. రాకపోతే ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, బోర్డు మీది క్లియర్ సీమాస్ పిన్నులు (బయోస్ సెట్టింగుల్ని చెరిపేవి) రెండూ స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. పిన్నులు దొరక్కపోతే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి ఐదు నిమిషాలు ఆగండి. ఇప్పుడు నడుస్తున్న సెట్టింగుని బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసి, ఫోన్‌తో ఫొటో కూడా తీసుకోండి. బయోస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసిన ప్రొఫైళ్లు పోవచ్చు.