పోర్టుకు పోయే రోడ్డు మన తోటల మీదుగా పోతే మనకేం మిగులుతుంది?

గంగాధర నెల్లూరు రైతుబిడ్డ:

మా పెదనాన్న తోతాపురి మామిడి తోట నడిమధ్యగా చిత్తూరు–తచ్చూరు ఆరు వరుసల రోడ్డు పోతోంది. బోరు ఒక పక్క, మిగిలిన చెట్లు ఇంకో పక్క. పైపు రోడ్డు కింద నుంచి వేసుకోవచ్చా అని అడగడానికి ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. ఇప్పటికీ ఎవరూ కాగితం మీద జవాబివ్వలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఈ రోడ్డు చిత్తూరు దగ్గర మొదలై, నగరి వైపుగా తమిళనాడులోకి దిగి, పొన్నేరి దగ్గరున్న తచ్చూరులో 16వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. పొడవు సుమారు 116 కిలోమీటర్లు. తచ్చూరు నుంచి ఎన్నూరు, కాటుపల్లి పోర్టులు దగ్గర. బెంగళూరు నుంచి వచ్చే కంటైనర్ చెన్నై ఊళ్లోకి దూరకుండా ఓడ దగ్గరికి పోతుంది. మంచిదే. కానీ ఆ రోడ్డు మీదికి మన ట్రాక్టర్‌ను రానిస్తారా? బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు ఆపేశారు. ఇదీ ఎక్కడపడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. ఉన్న పుత్తూరు, నగరి రోడ్లనే వెడల్పు చేసి ఉంటే సరిపోయేది కదా అని నా అభిప్రాయం. మీరేమంటారు?

రేణిగుంట లారీ:

తమ్ముడూ, మీ పెదనాన్న బాధ అర్థమైంది. కానీ ఉన్న రోడ్డునే వెడల్పు చేయమంటే ఒప్పుకోను. పుత్తూరులో, నగరిలో రోడ్డుకు రెండు పక్కలా ఇళ్లు, అంగళ్లు, స్కూళ్లు. వెడల్పు చేస్తే పోయేవి అవే. చెయ్యకపోతే నలభై టన్నుల బండి బడి పిల్లల పక్క నుంచి పోతూనే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఈ దారిలో బండి తిప్పుతున్నా. చెన్నై పోర్టు గేటు ముందు రాత్రంతా క్లచ్ మీద కాలు పెట్టి కూర్చున్న రోజులు లెక్కలేనన్ని. రావాల్సిన టైముకు రాలేదంటే కిరాయి కోత, డ్రైవర్‌కు నిద్ర లేదు. నిద్రలేని డ్రైవర్ తిరుగు ప్రయాణంలో ఏం చేస్తాడో మీకు చెప్పక్కర్లేదు.

నాయుడుపేట అక్క:

మా ఊరి అనుభవం చెప్తాను. ఈ 16వ నంబరు రోడ్డునే మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు అంటారు. నంబరు మారింది 2010లో. కలకత్తా నుంచి చెన్నై దాకా పోయే ఈ రోడ్డు మన రాష్ట్రంలో ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంది. విశాఖ, కృష్ణపట్నం పోర్టులు దాని పక్కనే. ఢిల్లీ, ముంబై, చెన్నై, కలకత్తాలను కలిపే స్వర్ణ చతుర్భుజి పథకం కింద నాలుగు వరుసలు చేశాక మా వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి, తడ దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చింది. మా చెల్లెలి కూతురు రోజూ కంపెనీ బస్సులో అక్కడికే పోతుంది. ఆ జీతంతోనే వాళ్ల ఇల్లు లేచింది. రోడ్డు వద్దని నేను అనలేను.

కానీ మా నాన్న పొలం రోడ్డుకు అవతల. ఎద్దులతో రోడ్డు దాటడం ఎంత టెన్షన్‌గా ఉండేదో నాకు ఇంకా గుర్తుంది. సర్వీసు రోడ్డు, కింద దారి మొదట్లోనే అడగాలని ఎవరికీ తోచలేదు. తర్వాత అడిగితే ఏళ్లు పట్టింది. మీరు ఇప్పుడే అడగండి.

గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగి, చిత్తూరు:

ఒక విషయం అందరూ మరిచిపోతున్నారు. మామిడి గుజ్జు డ్రమ్ములో సీలు వేశాక ఆరు గంటలు ఆలస్యమైనా చెడిపోదు. చెడిపోయేది కాయ. 2025 సీజన్‌లో ట్రాక్టర్లు ఎక్కడ ఆగాయి? పోర్టు దారిలో కాదు, మా ఫ్యాక్టరీల గేట్ల ముందు. టోకెన్ కోసం రోజుల తరబడి నిలబడ్డాయి. కాయకు కిలోకు 12 రూపాయలు అన్నారు, ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. ఆ 8 కూడా అందలేదని ఎంతమంది రైతులు మా గేటు దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నారో నేను చూశాను. ముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో ఉండిపోతే రేటు పడుతుంది. ఎన్ని వరుసల రోడ్డు వేసినా ఆ జబ్బు పోదు. రోడ్డు వల్ల మాకు కిరాయి తగ్గుతుంది, నిజం. ఆ మిగులు రైతు దాకా వస్తుందని మాత్రం నేను మాట ఇవ్వలేను.

రేణిగుంట లారీ:

అన్నా, అది రోడ్డు తప్పు కాదు కదా.

గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగి, చిత్తూరు:

కాదు. రోడ్డు వస్తే మామిడి రైతు బాగుపడతాడు అని చెప్పి భూమి అడగడం తప్పు అంటున్నా.

తిరుపతి లా స్టూడెంట్:

గంగాధర నెల్లూరు అన్నా, మీ పెదనాన్న విషయంలో ఒక ముఖ్యమైన సంగతి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలో 3జీ(7) సెక్షన్ చదవండి. తీసుకున్న భూమి ధర ఒక్కటే కాదు, మిగిలిన భూమి నుంచి అది విడిపోవడం వల్ల జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. బోరు ఒక పక్క, చెట్లు ఒక పక్క అంటే సరిగ్గా అదే. మనవాళ్లు సెంటుకు ఎంత అన్న దగ్గరే ఆగిపోతారు. ఇచ్చిన మొత్తం నచ్చకపోతే ఆర్బిట్రేటర్ (పరిహారం తగాదా తేల్చే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లొచ్చు. డబ్బు తీసుకుంటే ఆ హక్కు పోతుందని ఊళ్లో భయపెడతారు. తీసుకుంటూనే, ఈ రేటుకు ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకోటి. రిజిస్ట్రేషన్‌లో మనం తక్కువ రేటు రాయించుకోవడం అలవాటు. పరిహారం లెక్కకు చూసేది ఆ కాగితాలే. డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన భూమికి పట్టా ఉన్నవాళ్ల కష్టం ఇంతకంటే పెద్దది. వాళ్లు కాగితాలు పట్టుకుని ముందే లాయర్‌ను కలవాలి.

గంగాధర నెల్లూరు రైతుబిడ్డ:

తమ్ముడూ, 3జీ(7) సంగతి మాకు ఒక్కరూ చెప్పలేదు. రేపే పెదనాన్నకు చదివి వినిపిస్తా.

లారీ అన్న చెప్పింది విన్నాక ఒక మాట మార్చుకుంటున్నా. పుత్తూరు, నగరి ఊళ్ల మధ్య నుంచి ఆరు వరుసలు వేయమనడం తప్పే. బయట నుంచే పోవాలి. కానీ నాయుడుపేట అక్క చెప్పినట్టు, తారు పోయకముందే మన దారులు తేలాలి. రెండు పక్కలా సర్వీసు రోడ్డు, పైపు పోవడానికి రోడ్డు కింద తూము, కాయ లోడుతో ట్రాక్టర్ పట్టేంత ఎత్తులో అండర్‌పాస్. తోతాపురి చెట్టు కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. పెదనాన్నకు డెబ్బై దాటాయి. ఆయన ఇంకో చోట మొక్కలు నాటి కాయలు చూడాలంటే ఎలా? మిగిలిన చెట్లకు నీళ్లు అందితే చాలు అంటున్నాడు.

పలమనేరు వైపు ఎవరైనా ఉంటే ఒక సాయం చేయండి. మీ దగ్గర బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కింద కట్టిన అండర్‌పాస్‌ల ఎత్తు టేపుతో కొలిచి ఫోటో పెట్టండి. సోమవారం అర్జీతో పాటు దాన్నీ జతచేస్తాను.