అప్‌డేట్: జర్మనీలో స్వయం ఉపాధికి అనుమతి, కంపెనీ పెట్టకుండానే

46 ఏళ్ల వయసులో, జర్మన్ అనువాదాలు చేసుకుంటూ బెర్లిన్‌లో ఉండాలంటే కంపెనీ పెట్టక తప్పదా అని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అనుమతి చేతికి వచ్చింది కనుక జరిగినది రాస్తున్నాను.

కంపెనీ అక్కర్లేదు. జర్మనీ నివాస చట్టంలోని 21వ సెక్షన్ వ్యాపారం పెట్టేవారిని, స్వతంత్ర వృత్తుల వారిని వేరుగా చూస్తుంది. అనువాదకులు, ఇంజనీర్లు, పాత్రికేయులు, ఆర్కిటెక్టులు ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్ ప్రకారం రెండో కోవలోకి వస్తారు కాబట్టి, వారికి వ్యాపార నమోదు అవసరం ఉండదు, పన్ను కార్యాలయంలో నమోదైతే సరిపోతుంది. వ్యాపార నమోదు తప్పనిసరి అని చెప్పి నా దగ్గర రుసుము పుచ్చుకున్న సలహాదారుకు ఈ తేడాయే తెలియదు.

అసలు చిక్కు వయసు దగ్గర వచ్చింది. 45 ఏళ్లు దాటినవారు వృద్ధాప్యానికి తగిన ఆర్థిక ఏర్పాటు ఉన్నట్టు చూపాలి కనుక, భవిష్య నిధి లెక్కలను, హైదరాబాద్‌లోని ఫ్లాటు విలువ పత్రాలను జర్మన్‌లోకి అనువదింపజేసి సమర్పించాను (నా పత్రాలను నేనే అనువదించుకోలేను కదా, మరొకరికి డబ్బిచ్చాను). పని ఇస్తామని ఇద్దరు క్లయింట్లు రాసిన లేఖలు బాగా పనికొచ్చాయి. ప్రయాణ బీమాను మాత్రం ఒప్పుకోలేదు. పూర్తి స్థాయి ఆరోగ్య బీమా తీసుకున్నాకే ఫైలు కదిలింది.

ఒక్క లోటు ఉంది: వ్యాపారం విజయవంతంగా నడిపినవారికి 3 ఏళ్లకే శాశ్వత నివాసం దొరికే వెసులుబాటు మా కోవకు వర్తించదు.