ఐదు రోజుల్లో వార్ ఇన్ ద ఈస్ట్ 2 రివ్యూ ఎలా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, సోవియట్ పోరు మీద వచ్చిన ఈ కంప్యూటర్ ఆటకు ఐదు రోజుల్లో రివ్యూ రాయాలి. 1941 క్యాంపెయిన్‌లో (యుద్ధమంతా ఆడే పెద్ద ఆట) టర్న్ (ఆడే ఒక వంతు) అంటే వారం. మొత్తం 200 పైచిలుకు టర్న్‌లు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: పెద్దదాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇదే ఆటలో రోడ్ టు మిన్స్క్ అనే విడి ఘట్టం చిన్నది, రెండుసార్లు ఆడండి. మొదటిసారి ఎటూ మెనూలు వెతకడంతోనే సరిపోతుంది.

జవాబు: అదొక్కటే చాలదు, మిన్స్క్ దాకా సరఫరా బాధ పెద్దగా తెలియదు. ఈ ఆట గుట్టంతా రైలు పట్టాల్లోనే ఉంది. సోవియట్ పట్టాల మధ్య వెడల్పు 1524 మి.మీ., జర్మన్లవి 1435. రిపేరు యూనిట్లు పట్టాలు మార్చుకుంటూ వెనకాలే రాకపోతే పాంజర్లు (జర్మన్ ట్యాంకులు) ఇంధనం లేక చతికిలబడతాయి. పెద్ద క్యాంపెయిన్ పది టర్న్‌లైనా లాగండి.

జవాబు: డిసెంబరు చలి చూడాలంటే దాదాపు 24 టర్న్‌లు కావాలి. అంతదాకా వెళ్లకపోతే ఏఐ (ఎదురాడే కంప్యూటర్) మీద తీర్పు చెప్పొద్దు. ఎన్ని టర్న్‌లు ఆడారో మొదటి పేరాలోనే రాసేయండి.