అప్‌డేట్: మామయ్యకు మార్టెల్ కొన్యాక్ కొన్నాను

నెల క్రితం ఒక సందేహం అడిగాను: మామయ్య రిటైర్మెంట్‌కి మార్టెల్ కంపెనీ కొన్యాక్‌లో (ద్రాక్ష వైన్ నుంచి కాచే ఫ్రెంచ్ బ్రాందీ) ఏ బాటిల్ తీసుకోవాలి, వాళ్ల వీఎస్‌ఓపీ, కోర్డాన్ బ్లూ రకాల మధ్య ధరలో అంత తేడా ఎందుకు అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పోయిన వారం ఫ్రాన్స్‌లో ఆ బ్రాందీ తయారయ్యే కొన్యాక్ అనే ఊరికి వెళ్లొచ్చాను.

అక్కడి పాత గిడ్డంగుల గోడలు వంట పొయ్యి వెనక గోడలా నల్లగా ఉన్నాయి. అది మసి కాదు, పీపాల నుంచి ఆవిరయ్యే మద్యం మీద బతికే బూజు. ఆ ఆవిరిని 'దేవదూతల వాటా' అంటారు. ఏళ్ల తరబడి ఓక్ పీపాలో ఉంచితే సరుకు తరుగుతూనే ఉంటుంది. ధర పెరగడానికి అదొక పెద్ద కారణమని అప్పుడు అర్థమైంది.

కొన్యాక్‌కి వయసును బట్టి గ్రేడ్లు ఉంటాయి: వీఎస్‌కి కనీసం 2 ఏళ్లు, వీఎస్‌ఓపీకి 4, ఎక్స్‌ఓకి 10 ఏళ్లు పీపాలో ఉండాలని నియమం. ఎక్స్‌ఓకి 2018 దాకా ఆరేళ్లే.

జెర్సీ ద్వీపం నుంచి వచ్చిన జాన్ మార్టెల్ 1715లో మొదలుపెట్టిన సంస్థ ఇది. వీళ్లు ద్రాక్ష వైన్‌లో మడ్డి తీసేసి, తేటగా ఉన్నదాన్నే రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. అందుకే రుచి బరువుగా అనిపించదు.

చివరికి, మార్టెల్ వాళ్లు 1912లో మొదటిసారి తెచ్చిన కోర్డాన్ బ్లూ రకాన్నే తీసుకున్నాను. అందులో బోర్డరీస్ అనే చిన్న ప్రాంతపు ద్రాక్షకే పెద్దపీట. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే ఎండిన నారింజ తొక్క వాసన వచ్చింది. మామయ్యకు తప్పకుండా నచ్చుతుంది. ఫంక్షన్ వచ్చే ఆదివారం.