జూలో తీసిన పులి ఫోటో: ఎంతవరకు క్రాప్ చేయాలి?

నీలికొలను
అందరికీ నమస్కారం. జూకి వెళ్లి జంతువుల ఫోటోలు తీయడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా, 70-300 ఎంఎం జూమ్ లెన్సు. నిన్న ఒక ఆడపులి నీటిగుంట పక్కన పడుకుని ఎడమవైపు చూస్తుంటే తీశాను. కళ్లు చక్కగా ఫోకస్‌లో ఉన్నాయి, మీసాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇబ్బందల్లా మిగతా ఫ్రేమ్‌తోనే. పులి ముఖం నట్టనడుమ చిన్నగా ఉంది. కుడివైపు పైన తెల్లటి సిమెంటు గోడ, దాని మీద నీళ్ల పైపు. కింది మూలలో జాలీ తీగ బూడిదరంగు చారలా పడింది. ముఖం వరకే కోస్తే గుర్తింపు కార్డు ఫోటోలా బిగుసుకుపోతోంది. కాస్త వదులుగా కోస్తే పైపు మళ్లీ కనబడుతోంది. మీరైతే ఏం చేస్తారు?

పాతలెన్సు
ముందు పులి ఎటు చూస్తోందో అటు చోటు వదలండి. ఎడమవైపు చూస్తోంది కాబట్టి ఎడమన ఖాళీ ఉండాలి, కుడివైపు ఎంత గట్టిగా కోసినా ఫర్వాలేదు. మీ గోడ, పైపు రెండూ కుడివైపే ఉన్నాయి కదా, అది మీ అదృష్టం. చూపు ముందు చోటు లేకపోతే జంతువు గోడకు ముఖం పెట్టి కూర్చున్నట్టుంటుంది, వెనకాల నిజంగా గోడ లేకపోయినా సరే.

ఇంకో మాట. కీళ్ల దగ్గర కోయొద్దు. మోకాలి దగ్గర, మడమ దగ్గర, తోక మొదట్లో ఫ్రేమ్ అంచు పడితే అవయవం తెగిపోయినట్టే అనిపిస్తుంది. భుజం మధ్యలోనో, ఛాతీ మధ్యలోనో కోస్తే కన్ను ఒప్పుకుంటుంది. చెవి కొన మాత్రం తెగితే చూసేవాళ్లకు పొరపాటున తెగిందనిపిస్తుంది. తెంచదలుచుకుంటే నుదుటితో సహా తెంచి, కళ్లూ ముక్కూ మాత్రమే ఉంచండి. అప్పుడు కావాలని చేశారని తెలుస్తుంది.

వెలుగునీడ
పాతలెన్సు గారు చెప్పింది నిజం. నేను లెక్క వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

24 మెగాపిక్సెల్ అంటే దాదాపు 6000 × 4000. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచి క్రాప్ చేస్తే 3000 × 2000 మిగులుతుంది. సగానికి కోశాం కాబట్టి 12 మెగాపిక్సెల్ ఉంటుందనుకుంటారు. ఉండేది 6 మాత్రమే, అంటే నాలుగో వంతు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే 10 అంగుళాల వెడల్పు వస్తుంది. ఫోన్ తెర మీద చూసుకోవడానికైతే అది ఎక్కువే.

అలా సగానికి కోసినప్పుడు మీ 300 ఎంఎం లెన్సు 600 ఎంఎం లెన్సంత దగ్గరగా చూపిస్తుంది. కానీ చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. 300 ఎంఎం దగ్గర 1/300 సెకను షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) చాలనే పాత సూత్రం, క్రాప్ చేయబోయే ఫోటోకి చాలదు. 1/600 సెకను కన్నా వేగంగా పెట్టండి. జంతువు నడుస్తుంటే ఇంకా పెంచాలి. అప్పుడు తగ్గే వెలుగు కోసం ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) పెంచడం వల్ల వచ్చే గరుకుదనం కొంతవరకు తగ్గించుకోవచ్చు, కదిలి మసకబారిన కన్ను మాత్రం ఏం చేసినా తిరిగిరాదు.

చిన్న ఫోటోను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా వచ్చాయి. నేను వాడి చూశాను. బొచ్చు దగ్గర అవి లేని వెంట్రుకలు గీస్తాయి. కోతి ముఖం మీద వేస్తే చర్మం మైనపు బొమ్మలా అయింది. నేనైతే వద్దంటాను.

గువ్వ_77
నీలికొలను గారూ, మూలలో పడిన జాలీ చారను క్రాప్‌తో తీసేయొచ్చు. అదే జాలీ పులి ముఖం మీద పడి ఉంటే క్రాప్ ఏమీ చేయలేదు. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను, నాకు ఇది పట్టుబడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక చిరుత కోసం మూడు వారాలు వరసగా వెళ్లాను. మొదటి వారం తీసినవన్నీ పాలు కలిపినట్టు తెల్లగా, జీవం లేకుండా వచ్చాయి. చిరుత ఒంటి మీది నల్ల మచ్చలు కూడా బూడిదరంగులో ఉన్నాయి. కారణం ఎండ. జాలీ మీద సూర్యకాంతి నేరుగా పడితే తీగ కనిపించకపోయినా దాని మెరుపు ఫోటో అంతటా పరుచుకుంటుంది. రెండో వారం నీడలో ఉన్న జాలీ ముందు నిలబడ్డాను. అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచాను, 300 దగ్గర అది ఎఫ్ 5.6. జూమ్ చివరిదాకా లాగి, అనుమతి ఉన్నంత మేర లెన్సును జాలీకి దగ్గరగా పెట్టాను. తీగ మాయమైంది. అయితే చిరుత కూడా జాలీకి ఆనుకునే తిరుగుతోంది. జంతువు తీగకు దగ్గరగా ఉన్నంతసేపూ రెండూ ఫోకస్‌లోకి వస్తాయి. మూడో వారం అది వెనక్కి వెళ్లి దుంగ మీద కూర్చునేదాకా నలభై నిమిషాలు ఆగాను. ఆ రోజు మచ్చల అంచులు, కింది పెదవి మీది తడి కూడా కనిపించాయి.

ఆటోఫోకస్ కంటిని పట్టుకునే బదులు తీగనే పట్టుకుంటుంది. ఒక్క పాయింట్ మాత్రమే ఎంచుకుని తీగల మధ్య ఖాళీలోంచి కంటి మీద పెట్టండి, అప్పటికీ కుదరకపోతే మాన్యువల్, అంటే చేత్తోనే ఫోకస్ తిప్పుకోవడం. ఫోటో కోసం అడ్డుకమ్మీ దాటి జాలీ దగ్గరికి మాత్రం ఎప్పుడూ వెళ్లొద్దు. మన ప్రమాదం ఒకటైతే, జంతువు బెదిరిపోవడం ఇంకోటి.

ఫోన్‌తోనే
నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. ఫోన్లో తెర మీద రెండు వేళ్లు పెట్టి లాగే జూమ్, విడిగా జూమ్ లెన్సు ఉన్న మేరకు తప్ప, అక్కడికక్కడే చేసే క్రాప్ లాంటిదే. కాబట్టి లాగకుండా తీసి ఇంటికొచ్చాక కోసుకోవడమే మేలు, ఎక్కడ కోయాలో తీరిగ్గా చూసుకోవచ్చు.

ఫోన్‌కి ఒక లాభం ఉంది. అద్దాల ఎన్‌క్లోజర్ దగ్గర ఫోన్‌ను అద్దానికి ఆనించి పట్టుకుంటే మన నీడ, వెనక జనం ప్రతిబింబం పడవు. ఫ్లాష్ ఆపేయాలి. అద్దం మీద ఫ్లాష్ పడితే తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు, లోపల ఉన్నదానికి కూడా ఇబ్బంది.

పాతలెన్సు
అద్దం సంగతి కెమెరాకీ వర్తిస్తుంది. లెన్సు ముందు తొడిగే మెత్తటి రబ్బరు హుడ్ ఉంటే అద్దానికి ఆనించండి, లేదంటే నల్లగుడ్డ చుట్టండి. అద్దానికి ఎదురుగానే నిలబడండి. ఏటవాలుగా చూస్తే మందపాటి అద్దం బొమ్మను మసకబారుస్తుంది.

నీలికొలను
అందరికీ థాంక్స్. ముగ్గురి మాటలూ కలిపి ప్రయత్నించాను. కుడివైపు గోడంతా తీసేశాను, ఎడమవైపు నీటిగుంటలో కొంత ఉంచాను. మిగిలింది 3600 × 2400. ఇప్పుడు పులి తల కుడివైపు మూడో వంతు దగ్గర ఉంది, చూపు నీటి మీదుగా వెళ్తోంది. నీటిలో దాని గడ్డం నీడ ఉందని నాకు ఇప్పటిదాకా తెలియనే లేదు! మొదటి ఫ్రేమ్‌లో గోడ తెల్లదనమే కళ్లను లాగేసేది.

ఒక కొత్త సమస్య. పులి ముఖం ఇప్పుడు చీకటిగా అనిపిస్తోంది.

వెలుగునీడ
ఆ తెల్లగోడను చూసి కెమెరా మొత్తం వెలుగు తగ్గించేసింది. గోడ పోయింది కాబట్టి ఇప్పుడు పులికి కావాల్సినంత పెంచుకోండి. అందుకే నేను వెలుగు, రంగులు అన్నీ క్రాప్ అయ్యాకే సరిచేస్తాను. రా ఫైల్ (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఫోటో) ఉంటే చీకటి భాగాలు బాగా తేలతాయి. నల్లటి ఎలుగుబంటి ఫ్రేమ్ నిండా ఉంటే దీనికి ఉల్టా జరుగుతుంది, కెమెరా దాన్ని బూడిదరంగుకు లాగుతుంది, మనమే తగ్గించాలి.

నీటి అంచు వంగి ఉంటే క్రాప్ కన్నా ముందు ఫోటో తిప్పి సమం చేయండి. తిప్పినప్పుడు మూలలు పోతాయి. ముందే బిగుతుగా కోస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అడవిమల్లె
అందరూ గోడలు దాచడం గురించే మాట్లాడుతున్నారు. నాకు కాస్త వేరే అభిప్రాయం ఉంది.

ఒక ముసలి ఏనుగు ఫోటోలో దాని సంరక్షకుడి చెయ్యి, వెనక ఇనుప గేటు ఉన్నాయి. మొదట రెండూ కోసేశాను. మిగిలింది ఎక్కడైనా దొరికే ఏనుగు ముఖం. మళ్లీ పెట్టాను. ఆ చెయ్యి తొండం మొదట్లో ఆనించి ఉంది, ఏనుగు కన్ను సగం మూసుకుని ఉంది. ఆ ఫోటోలో ఉన్నదే అది. జూ జంతువు బతుకులో గేటు, మనిషి కూడా ఉంటారు. అన్నిసార్లూ అడవిలో తీసినట్టు కనిపించాలని ఎందుకు?

పూర్తిగా బిగించి కోయాలంటే ముఖం వదిలేసి వివరానికి వెళ్లండి. అదే ఏనుగు కంటి చుట్టూ మాత్రమే కోశాను: ఎండిన చెరువు నేలలా ముడతలు, వాటి మధ్య పొడవాటి రెప్పవెంట్రుకలు, ఒకదానికి గడ్డిపరక. జీబ్రా చారలు, నెమలి మెడ కూడా ఇలా బాగుంటాయి.

ఎలా కోసినా, కింద ‘జూలో తీసినది’ అని రాయండి. 2009లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో గేటు దూకుతున్న తోడేలు ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉండొచ్చని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. జూలో తీయడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు.

గువ్వ_77
అడవిమల్లె గారి మాటతో నేను ఏకీభవిస్తాను. నా చిరుత ఫోటోల కింద ఇవాళే ఆ మాట చేరుస్తాను.

నీలికొలను
నేనూ రాశాను. ముఖం వెలుగు పెంచాక కంటిలో ఆకాశం చుక్క కనబడింది. 12 × 8 అంగుళాల ప్రింట్ ఇచ్చాను, సరిగ్గా 300 చుక్కల లెక్కకు సరిపోయింది. ఒక్కటే లోటు, తోక కొన అసలు ఫ్రేమ్‌లోనే లేదు. ఈసారి జూమ్ కొంచెం తగ్గించి చుట్టూ చోటు ఉండేలా తీసుకొస్తాను. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను, కోసిన ఫోటో పక్కనే అసలుది కూడా పెడతాను.